పచ్చికకు ఎండదెబ్బ: నేస్ మైదానాల నుంచి ఒక రసాయన చరిత్ర

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌కు నైరుతి దిశగా ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న నేస్ పట్టణం కిల్డేర్ కౌంటీకి పాలనా కేంద్రం. ఐరిష్ భాషలో ఆ ఊరి పూర్తి పేరుకు ‘రాజులు సమావేశమయ్యే చోటు’ అని అర్థం. లెన్‌స్టర్ రాజులు ఒకప్పుడు అక్కడ కొలువుతీరేవారు. ఆధునిక కాలంలో ఆ ప్రాంతానికి పేరు తెచ్చినవి గుర్రాలు. ఆ గుర్రాలను నిలబెట్టింది గడ్డి. 1924లో మొదలైన నేస్ రేస్‌కోర్సు పట్టణాన్ని ఆనుకునే ఉంది. సమీపంలోని పంచెస్‌టౌన్‌లో పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలం నుంచి గుర్రాలు కంచెలు దూకుతూ పరుగెత్తుతున్నాయి. మరికొంత దూరాన ఉన్న కరా మైదానంలో 1866 నుంచి ఐరిష్ డర్బీ జరుగుతోంది. అదే కౌంటీలోని స్ట్రఫాన్ గోల్ఫ్ మైదానం 2006లో రైడర్ కప్ పోటీలకు వేదిక అయింది.

కరా మైదానం పుట్టుకను గురించి అక్కడివారు చెప్పుకొనే కథ తెలుగు పాఠకులకు కొత్తగా తోచదు. సెయింట్ బ్రిజిడ్ తన మఠం కోసం లెన్‌స్టర్ రాజును కొంత భూమి అడిగిందట. నీ ఉత్తరీయం కప్పినంత మేర తీసుకొమ్మని రాజు నవ్వుతూ అన్నాడట. ఆమె పరచిన వస్త్రం పెరిగి పెరిగి మైదానమంతా కప్పేసింది. వామనుడి మూడడుగుల కథకు ఇది దగ్గరి చుట్టం. ఆ వస్త్రం కప్పిన సుమారు రెండువేల హెక్టార్ల నేల నేటికీ చాలావరకు నాగలి ఎరగని పచ్చికే. దాని అడుగున ఉన్నది మంచుయుగపు హిమానీనదాలు కరిగి పారినప్పుడు మేటవేసిన గులకరాళ్లు, ఇసుక. నీరు త్వరగా ఇంకిపోతుంది కనుక వానాకాలంలో కూడా గుర్రపు డెక్క దిగబడదు. అదే గుణం ఎండల్లో శాపమవుతుంది. వాన పది రోజులు ముఖం చాటేస్తే అక్కడి గడ్డి పాలిపోవడం మొదలుపెడుతుంది.

2018 వేసవిలో ఆ శాపం దేశమంతటా కనిపించింది. జూన్ 28న షానన్ విమానాశ్రయంలో 32 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. విజయవాడ వాసికి అది చల్లని రోజు. ఐర్లండ్ గడ్డికి అది సంక్షోభం. జులైలో తోటలకు గొట్టాలతో నీరు పెట్టడాన్ని ప్రభుత్వ నీటి సంస్థ నిషేధించింది. పాడిరైతులు శీతకాలానికి దాచుకోవలసిన మేతను నడివేసవిలోనే పశువులకు వేశారు. బాయిన్ నది లోయలో, న్యూగ్రేంజ్ సమీపాన, ఎండిన పొలంలో ఒక పెద్ద వలయాకారం బయటపడింది. నాలుగైదు వేల ఏళ్లనాటి కట్టడపు గుంతల్లో మిగిలిన తేమ వల్ల అక్కడి మొక్కలు మాత్రం పచ్చగా నిలిచి, మట్టిలో కలిసిన ఆ కట్టడపు నమూనాను ఆకాశం నుంచి చూసేవారికి గీసి చూపించాయి. నాలుగేళ్ల తరవాత, 2022 జులై 18న, డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో 33 డిగ్రీలు నమోదైంది.

ఇటువంటి వేసవులు మళ్లీ మళ్లీ వస్తే పచ్చికను ఎలా కాపాడుకోవాలి? మందు చల్లి గడ్డికి వేడిని ఓర్చుకునే శక్తి ఇవ్వవచ్చా? ఈ ప్రశ్నకు నూట ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో డబ్లిన్‌కూ, తిరుపతికీ కూడా చోటుంది.

రెండు రకాల గడ్డి

పచ్చిక శాస్త్రం గడ్డిని రెండు కుటుంబాలుగా చూస్తుంది. రైగ్రాస్, బెంట్‌గ్రాస్, ఫెస్క్యూ, బ్లూగ్రాస్ వంటివి చల్లని కాలపు గడ్డి. వీటి ఆకులు సుమారు 16 నుంచి 24 డిగ్రీల మధ్య, వేళ్లు అంతకంటే చల్లగా 10 నుంచి 18 డిగ్రీల మధ్య బాగా పెరుగుతాయి. నేస్ చుట్టుపక్కల ఉన్నదంతా దాదాపు ఈ కుటుంబమే. రెండవది ఎండకాలపు గడ్డి. వినాయకుడి పూజలో వాడే గరిక ఇందులోదే. గోల్ఫ్ ప్రపంచం దాన్నే బెర్ముడా గ్రాస్ అంటుంది.

ఈ తేడాకు మూలం ఆకు లోపలి రసాయనంలో ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టుకునే రుబిస్కో అనే ఎంజైముకు ఒక బలహీనత ఉంది. కార్బన్ డయాక్సైడుకు బదులు అప్పుడప్పుడు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ పొరపాటు ఎక్కువై, కూడబెట్టిన కార్బన్‌లో కొంత వృథా అవుతుంది. చల్లని కాలపు గడ్డికి ఈ నష్టం తప్పదు. గరిక, చెరకు, జొన్న వంటి మొక్కలు ముందుగా మరో ఎంజైముతో కార్బన్‌ను పట్టి, లోపలి కణాల్లో గుమిగూడేలా చేసి, ఆ తరవాతే రుబిస్కోకు అందిస్తాయి. చెరకు ఆకులతో చేసిన పరిశోధనల నుంచి ఈ మార్గాన్ని 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. తెలుగునేలపై తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి. ఎస్. రామదాస్, ఆయన శిష్యుడు ఎ. ఎస్. రాఘవేంద్ర 1970లలో ఈ మార్గాన్ని అనుసరించే మొక్కల గురించి విస్తృతంగా పని చేశారు. తరవాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలో స్థిరపడిన రాఘవేంద్ర, ఈ విషయంపై 2011లో వెలువడిన ప్రామాణిక గ్రంథానికి కెనడా శాస్త్రవేత్త రోవన్ సేజ్‌తో కలిసి సంపాదకత్వం వహించారు.

నేస్‌లో గరిక వేస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. సరిపోదు. చలికాలంలో గరిక గోధుమరంగుకు మారి నిద్రపోతుంది. ఐర్లండ్‌లో ఆ చలికాలం ఏడాదిలో సగానికి పైనే. పది రోజుల ఎండ కోసం ఆరు నెలల పచ్చదనాన్ని వదులుకోవడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అందువల్లే ఉన్న గడ్డినే ఎండకు ఓర్చేలా చేయాలన్న ఆలోచన బలపడింది.

వట్టివేళ్ల తడిక

వేడిని మొక్క ఎలా తట్టుకుంటుందో తెలియాలంటే ముందుగా నీరు ఆకు దాకా ఎలా ఎక్కుతుందో తెలియాలి. ఆ చిక్కుముడిని విప్పినవారిలో ఇద్దరు డబ్లిన్‌వారు. ట్రినిటీ కాలేజీలో వృక్షశాస్త్రజ్ఞుడు హెన్రీ డిక్సన్, భౌతికశాస్త్రజ్ఞుడు జాన్ జాలీ 1894లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. ఆకులోని సూక్ష్మరంధ్రాల నుంచి నీరు ఆవిరైనప్పుడు, దాని వెనుక ఉన్న నీటిధార పైకి లాగబడుతుందనీ, నీటి అణువుల మధ్య ఉన్న బలమైన పట్టు వల్ల ఆ ధార తెగకుండా వేళ్ల దాకా సాగుతుందనీ వారు వాదించారు. నీటిధారను తాడులా లాగవచ్చన్న మాటను ఆనాడు చాలామంది నమ్మలేదు. డిక్సన్ 1914లో ఈ విషయంపై ఒక పుస్తకమే రాశాడు. కాలక్రమేణా ఆ సిద్ధాంతమే నిలిచింది.

ఈ ఆవిరికి మరో ప్రయోజనం ఉంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 క్యాలరీల వేడి కావాలి. ఆ వేడిని ఆకు నుంచే తీసుకుంటుంది కనుక ఆకు చల్లబడుతుంది. వేసవిలో కిటికీకి కట్టి నీళ్లు చల్లే వట్టివేళ్ల తడిక చేసే పనిని బతికున్న గడ్డి తనంతట తానే చేసుకుంటుంది. తడిక తడిగా ఉన్నంతసేపే గది చల్లగా ఉంటుంది. అలాగే వేళ్లకు నీరు అందుతూ, పత్రరంధ్రాలు తెరిచి ఉన్నంతసేపే ఆకు చల్లగా ఉంటుంది. ఇక్కడే మొక్కకు ధర్మసంకటం ఎదురవుతుంది. రంధ్రాలు మూస్తే నీరు మిగులుతుంది, ఆకు వేడెక్కుతుంది. తెరిస్తే ఆకు చల్లబడుతుంది, నీరు పోతుంది. ఆ తరవాత వచ్చిన మందులన్నీ ఈ సంకటంలో ఏదో ఒక పక్షాన నిలిచినవే.

తలుపులు మూసే మందు

మొదట గెలిచింది నీటి పక్షం. 1962లో అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ ప్రయోగకేంద్రానికి చెందిన ఇజ్రాయెల్ జెలిచ్, పాల్ వాగనర్ ఫినైల్‌మెర్క్యూరిక్ ఎసిటేట్ అనే పాదరస సమ్మేళనం పత్రరంధ్రాలను మూసివేస్తుందని చూపారు. అది కొత్త పదార్థం కాదు. పచ్చికబయళ్లలో బూజుతెగుళ్లకు అప్పటికే వాడుకలో ఉన్నదే. రంధ్రాలు సగం మూసినా కిరణజన్య సంయోగక్రియ కంటే నీటినష్టమే ఎక్కువ తగ్గుతుందన్నది వారి లెక్క. ఆకు లోపలికి పోయే కార్బన్ డయాక్సైడుకు రంధ్రం తరవాత కూడా అడ్డంకులు ఉంటాయి కనుక రంధ్రం ఇరుకైతే అదనంగా కలిగే నష్టం తక్కువన్నమాట. వాగనర్ 1967 నాటికి ఎర్రపైన్ చెట్ల మీద కూడా ఆ మందు చల్లించి, నేలలో మిగిలే నీటిని కొలిచాడు.

ఈ ఆలోచన నీటికరువు ప్రాంతాలను ఆకర్షించడంలో వింత లేదు. రాయలసీమ నడిబొడ్డున పనిచేస్తున్న రామదాస్, రాఘవేంద్ర 1979లో బాష్పోత్సేక నిరోధకాల వల్ల పంటలు నీటిని పొదుపుగా వాడుకునే అవకాశాలను సమీక్షిస్తూ ఒక అంతర్జాతీయ వ్యవసాయ పత్రికలో వ్యాసం ప్రచురించారు. వానపై ఆధారపడిన వేరుశనగ రైతుకు రెండు వానల మధ్య పది రోజుల నీరు మిగలడమంటే పంట మిగలడమే.

గోల్ఫ్ పచ్చిక కథ అలా సాగలేదు. అందుకు రెండు కారణాలు. పాదరసం నేలలోనూ, చెరువుల్లోనూ మిగిలిపోయే విషం. పచ్చిక మందుల్లో దాని వాడకం అమెరికాలో 1990లలో ముగిసింది. రెండవ కారణం మరింత మౌలికమైనది. గడ్డి ప్రాణం తీసేది దాహమే కాదు, వేడి కూడా. రంధ్రాలు మూయించే మందు దాహాన్ని వాయిదా వేస్తూనే తడికను ఎండగడుతుంది. మైనం, రబ్బరుపాలు వంటి పొరలు ఆకుమీద పూసే మందులకూ ఇదే చిక్కు. తెల్లని కేయొలిన్ మట్టి పూత ఒక్కటే దీనికి కొంత భిన్నం. సున్నం కొట్టిన గోడలా ఎండను వెనక్కి కొడుతుంది. అయితే పచ్చగా కనిపించాలని పెంచే గడ్డికి తెల్లరంగు పూస్తే ఎవరికి నచ్చుతుంది?

ఈలోగా రంధ్రాలను మూయించే మందు మొక్క తనలోనే తయారుచేసుకుంటుందని తేలింది. 1960లలో అమెరికాలోనూ, వేల్స్‌లోనూ వేర్వేరుగా గుర్తించిన పదార్థాలు ఒకటే అని తెలిసి, దానికి అబ్సిసిక్ ఆమ్లమని పేరు పెట్టారు. వాడిన ఆకుల్లో దాని పరిమాణం పెరుగుతుందనీ, అది రంధ్రాలను మూయిస్తుందనీ 1969లో వెలువడిన వేర్వేరు పరిశోధనలు నిరూపించాయి. దాంతో ప్రశ్న మారింది. బయటి విషంతో తలుపులు మూయించడానికి బదులు, మొక్క తనతో తాను మాట్లాడుకునే భాషలోనే దానికి కబురు పంపవచ్చా?

వేళ్ల నుంచి వచ్చే కబురు

ఆ భాషలో మరో ముఖ్యమైన మాట సైటోకైనిన్. 1955లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్కూగ్, మిల్లర్ బృందం హెర్రింగ్ చేప వీర్యం నుంచి తీసిన పాత డీఎన్ఏలో కణవిభజనను ప్రేరేపించే పదార్థాన్ని కనుగొంది. 1963లో న్యూజీలండ్‌కు చెందిన లెథమ్ లేత మొక్కజొన్న గింజల నుంచి సహజ సైటోకైనిన్‌ను వేరుచేశాడు. దానికి జియాటిన్ అని పేరు. కోసిన ఆకుపై సైటోకైనిన్ పూస్తే అది త్వరగా పసుపుపచ్చగా మారదని అప్పటికే తెలుసు. మొక్కలో దీని తయారీ ఎక్కువగా జరిగేది వేరుకొనల్లో.

న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో బింగ్‌రు హువాంగ్ బృందం ఈ దారాన్ని పట్టుకుంది. గోల్ఫ్ గ్రీన్లలో వాడే బెంట్‌గ్రాస్ వేసవిలో ఎందుకు చనిపోతోందో తెలుసుకోవడానికి గాలి ఉష్ణోగ్రతనూ, నేల ఉష్ణోగ్రతనూ వేరువేరుగా మార్చి చూశారు. గాలి వేడిగా ఉన్నా వేళ్లను చల్లగా ఉంచితే గడ్డి చాలా మేరకు నిలిచింది. ఎండదెబ్బ ముందు తగిలేది వేళ్లకన్నమాట. వేరు చచ్చుబడితే పైకి పోవలసిన సైటోకైనిన్ ఆగిపోతుంది. ఆకు తనకు వృద్ధాప్యం వచ్చిందనుకొని పచ్చదనాన్ని విడిచిపెడుతుంది. 2002లో ఈ బృందం వేళ్ల మండలంలోకి జియాటిన్ రైబోసైడ్ ఎక్కించి, వేడిలో ఉన్న బెంట్‌గ్రాస్ క్షీణించడం నెమ్మదించిందని ప్రచురించింది.

మరికొన్ని మందులు ఇదే కాలంలో పరీక్షకు వచ్చాయి. కాల్షియం చల్లిన ఫెస్క్యూ, బ్లూగ్రాస్ వేడిలో తమ కణపొరలను మరింత బాగా కాపాడుకున్నాయని 2001లో తేలింది. 2004లో లార్కిన్‌డేల్, హువాంగ్ సాలిసిలిక్ ఆమ్లం, అబ్సిసిక్ ఆమ్లం, కాల్షియం, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివాటిని వేడి తగలకముందే బెంట్‌గ్రాస్‌కు ఇచ్చి చూశారు. వేడిలో ఆకు కణాల్లో పుట్టే హానికర ఆక్సిజన్ రూపాల వల్ల కలిగే నష్టం ఈ ముందస్తు చికిత్సతో తగ్గింది. సాలిసిలిక్ ఆమ్లం కథలో ఒక వింత కూడా ఉంది. విల్లో చెట్టు బెరడుతో జ్వరం తగ్గుతుందని పద్ధెనిమిదవ శతాబ్దంలోనే ఇంగ్లండులో రాసిపెట్టారు. కందజాతికి చెందిన ఒక మొక్క తన పుష్పవిన్యాసాన్ని వేడెక్కించుకునేది ఆ ఆమ్లంతోనే అని 1987లో తేలింది. మనిషి జ్వరాన్ని తగ్గించేదీ, పువ్వును వేడెక్కించేదీ, గడ్డికి వేడిని ఓర్పించేదీ ఒకే కుటుంబపు పదార్థాలు.

పెరుగుదలను నెమ్మదింపజేసే ట్రినెక్సాపాక్ ఇథైల్ మరో మార్గం. 1926లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా వరిపైరును పొడవుగా సాగదీసే ఒక తెగులు వెనుక శిలీంధ్రపు స్రావం ఉందని చూపాడు. దాని నుంచే జిబ్బరెల్లిన్ల పరిశోధన మొదలైంది. ట్రినెక్సాపాక్ ఆ జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకుంటుంది. పొడవు పెరగని గడ్డి తన పిండిపదార్థాన్ని ఖర్చు చేయకుండా దాచుకుంటుంది. ఎండ, నీటి కొరత కలిసి వచ్చినప్పుడు ముందుగా ఇది చల్లిన బెంట్‌గ్రాస్ మెరుగ్గా నిలిచిందని 2007 నాటి రట్గర్స్ పరిశోధన చెబుతుంది.

ఈ ఫలితాలన్నిటిలో ఒక ఉమ్మడి షరతు ఉంది. మందు ముందే పడాలి. ఆకు మాడిన తరవాత చల్లితే చేసేదేమీ ఉండదు. అది చికిత్స కంటే టీకాకు దగ్గర.

సముద్రపు నాచు

ప్రయోగశాలలో వాడే శుద్ధమైన జియాటిన్ ఖరీదు ఎకరాల కొద్దీ మైదానానికి భరించలేనిది. ఆ ఖాళీలోకి వచ్చింది ఐర్లండ్ పశ్చిమతీరం ఎరిగిన పాత వస్తువు. రాతినేల తప్ప మరేమీ లేని అరాన్ దీవుల్లో జనం తరతరాలుగా ఇసుకనూ, సముద్రపు నాచునూ బుట్టలతో మోసి రాళ్లపై పరిచి, ఆ చేసిన మట్టిలో బంగాళాదుంపలు పండించారు. 1934లో రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన సినిమాలో ఆ దృశ్యాలు ఉన్నాయి. కనెమారా తీరంలోని కిల్‌కీరన్‌లో 1947లో ఏర్పడిన అరామారా సంస్థ తీరవాసులు కోసి తెచ్చిన గోధుమరంగు నాచును ఎండబెట్టి అమ్మేది. 2014లో కెనడాకు చెందిన అకేడియన్ సీప్లాంట్స్ దాన్ని కొనుగోలు చేసింది. తమ తీరంపై కోత హక్కు ఎవరిదన్న ప్రశ్న అప్పుడు కనెమారాలో గట్టిగానే వినిపించింది.

కెనడా సంస్థకు ఆ నాచు ఎందుకు కావలసి వచ్చిందో పచ్చిక శాస్త్రం కొంత చెబుతుంది. వర్జీనియా టెక్‌లో జాంగ్, ఎర్విన్ అనే పరిశోధకులు నాచుసారంలోని సైటోకైనిన్లనూ, విడిగా జియాటిన్ రైబోసైడ్‌నూ బెంట్‌గ్రాస్‌పై పోల్చి 2008లో ప్రచురించారు. వేడిలో గడ్డి నాణ్యత నిలవడంలో రెండూ తోడ్పడ్డాయి. అయితే నాచు ఒక్క పదార్థం కాదు. కోసిన ఋతువును బట్టి, తీరాన్ని బట్టి, సారం తీసే పద్ధతిని బట్టి దాని కూర్పు మారుతుంది. ఒక సీసాలో పనిచేసినది మరో సీసాలో పనిచేస్తుందన్న హామీ లేదు.

సీసా మీది పేరు

ఈ సందర్భంలో చట్టం ప్రవేశిస్తుంది. ఐరోపా సమాజపు 2009 నాటి నిబంధనల ప్రకారం మొక్కల పెరుగుదలను హార్మోన్ల ద్వారా మార్చే మందులు కూడా సస్యరక్షణ మందుల పద్దులోకే వస్తాయి. పురుగుమందులకున్నంత పరీక్ష వాటికీ ఉంటుంది. అదే ఏడాది వచ్చిన మరో ఆదేశం ఉద్యానవనాలు, ఆటస్థలాలు, బడి ఆవరణల వంటి చోట్ల ఇటువంటి మందుల వాడకాన్ని కనిష్ఠానికి తగ్గించాలనో, నిషేధించాలనో సభ్యదేశాలను కోరింది. 2019లో వచ్చి 2022 జులై 16 నుంచి అమల్లోకి వచ్చిన ఎరువుల చట్టం ‘జీవప్రేరకాలు’ అనే కొత్త వర్గాన్ని గుర్తించింది. వేడి, కరువు, చలి వంటి ఒత్తిళ్లకు మొక్కలో ఓర్పు పెంచే ఉత్పత్తులకు అందులో స్థానం ఉంది. శుద్ధి చేసిన సైటోకైనిన్‌ది ఒక దారి, సైటోకైనిన్ ఉన్న నాచుసారానిది మరో దారి. గడ్డికి ఆ తేడా తెలియదు. దాని మీద ఆడుకునే పిల్లల తల్లిదండ్రులకు మాత్రం తెలియవలసిన విషయమే.

కిల్డేర్ పచ్చికలకు ఈ చరిత్ర ఇచ్చే పాఠం పరిమితమైనది, అయినా ఉపయోగకరమైనది. పైన చెప్పిన ప్రయోగాల్లో చాలావరకు గాజుగదుల్లో, 35 డిగ్రీల పరిసరాల్లో, వారాల తరబడి సాగే వేడిలో జరిగినవి. అది న్యూజెర్సీ, వర్జీనియా వేసవి. ఐర్లండ్‌లో 30 డిగ్రీలు దాటేది కొద్ది రోజులే. రాత్రులు చల్లబడతాయి, వేళ్లు కొంత ఊపిరి పీల్చుకుంటాయి. అక్కడ పచ్చికను ముందుగా దెబ్బతీసేది నీటి కొరతే. గులకనేల మీది గడ్డికి మొదటి మందు ఏ సీసాలోనూ లేదు: కత్తిరింపు ఎత్తు పెంచడం, నేలను గుల్లబరచి వేళ్లను లోతుకు పంపడం, వేసవికి ముందు నత్రజని మోతాదు తగ్గించడం. అవి చేసిన తరవాత వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే, ఎండకు కొద్ది రోజుల ముందు చల్లే మందుకు కొంత విలువ ఉంటుంది.

మిగిలిన పని విత్తనానిది. నేస్‌కు దక్షిణాన ఉన్న కార్లో పట్టణపు ఓక్ పార్కులో 1960ల నుంచి ఐరిష్ వ్యవసాయ పరిశోధకులు రైగ్రాస్ కొత్త రకాలను తయారుచేస్తున్నారు. ఒక రకం విత్తనసంచి దాకా చేరడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. కనుక ఈ రోజు నాటుతున్న రకాలు మొన్నటి వాతావరణాన్ని చూసి ఎంచినవి. విత్తనం వాతావరణాన్ని అందుకొనేదాకా మధ్యలో ఉన్న వేసవులను మందులతో దాటించవచ్చు. ఆ దాటించడానికి ఎంత చల్లాలి, ఎక్కడ చల్లాలి, ఎవరి అనుమతితో చల్లాలి అన్నవి మైదానం చుట్టూ నివసించే ఊరు కూడా అడగవలసిన ప్రశ్నలు. కరా మైదానంలో గుర్రాలు పరుగెత్తేది ఆ పచ్చికలో కొంత భాగం మీదే. మిగతా మేరలో గొర్రెలు మేస్తాయి, జనం నడుస్తారు, అడుగున అందరూ తాగే నీరు పారుతుంది.